కీబోర్డా, మౌసా? లెక్కలు నింపు చేతికి ఏది మేలు



చదువుకొన్న స్త్రీకి ఉపాధ్యాయినీపదవి తప్ప వేఱు కొలువు దొరకని కాలమొకటి యుండెడిది. ఇప్పుడట్లు కాదు. పట్టణములందే గాక పెద్ద గ్రామములందు సైతము, ఇంటరుతోనో డిగ్రీతోనో చదువు ముగించిన ఆడపిల్లలు పెక్కుమంది కంప్యూటరు ముందు కూర్చుండి వివరములు నింపెడి పనిలో చేరుచున్నారు. ఆసుపత్రికి వచ్చిన రోగుల పేళ్లు, బియ్యపు మిల్లులో తూకపు చీటీలు, పింఛనుల దరఖాస్తులు, బడిపిల్లల మార్కులు, ఇవన్నియు ఎవరో ఒకరు తెఱమీది గడులలో నింపవలసినవే. దీనిని లోకులు డేటా ఎంట్రీ యందురు. నీడపట్టున కూర్చుండి చేయు పని గదా, దీనిలో కష్టమేమున్నదని చూచువారు తలంతురు. కష్టము కలదు. అది యెక్కడ నున్నదో, దానిని తగ్గించు దారి యేదో ఈ మాసము మన శీర్షికయందు విచారింతము.

ఇటీవల ఒక సోదరి నాకు వ్రాసిన దాని సారాంశమిది. ఆమె పనిచేయుచోట పాత పద్ధతిని తీసివేసి క్రొత్త సాఫ్టువేరును పెట్టిరట. చూచుటకు రంగురంగులతో ముచ్చటగా నున్నదట. కాని ఒక గడి నింపి మఱొక గడికి పోవలెనన్న ప్రతిసారియు చేయి కీబోర్డును విడిచి మౌసును పట్టుకొనవలసి వచ్చుచున్నదట. ఇదివఱకు ఏడు గంటలలో 200 దరఖాస్తులు నింపెడి ఆమె ఇప్పుడు 170 దాటలేకున్నది. దరఖాస్తునకింత యని కూలి గావున నెల జీతమును తగ్గినది. సాయంకాలమునకు కుడి మణికట్టు లాగుచున్నది. పైవారు ఆమెనే మందకొడి యనుచున్నారు. తప్పు తనదా, సాధనముదా యని ఆమె యడిగినది.

సోదరీ, తప్పు మీది కాదు. ఇది ఊరడింపు మాట కాదు, లెక్కతో చూపదగిన మాట. ముందుగా ఈ రెండు సాధనముల పుట్టుకను తెలిసికొందము. పుట్టుక తెలిసిన స్వభావము తెలియును.

కీబోర్డు టైపురైటరు సంతానము. అమెరికా దేశమున క్రిస్టఫర్ షోల్సును, అతని సహచరులును 1868లో టైపురైటరునకు పేటెంటు పొందిరి. 1874లో రెమింగ్టను కంపెనీవారు దానిని విక్రయమునకు పెట్టిరి. నేటి ఆంగ్లాక్షరముల వరుస చాలవఱకు ఆనాటిదే. అది వ్రాతకొఱకే పుట్టిన సాధనము.

మౌసు జన్మ వేఱు. స్టాన్‌ఫర్డు పరిశోధనాసంస్థలో డగ్లస్ ఎంగెల్‌బర్టు దానిని ఊహింపగా, 1964లో బిల్ ఇంగ్లీషు అను ఇంజనీరు కఱ్ఱ డొప్పలో రెండు చక్రములు బిగించి మొదటి మౌసును తయారుచేసెను. 1968 డిసెంబరు 9వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎంగెల్‌బర్టు దానిని సభయెదుట ప్రదర్శించెను. ఆనాడతడు కుడిచేత మౌసును పట్టి, ఎడమచేత ఐదు మీటలు గల చిన్న పలకను వాయించుచు, నడుమ మామూలు కీబోర్డును ఉంచుకొనెను. అనగా మౌసును కనిపెట్టినవాడే మౌసొక్కటి చాలునని తలంపలేదు. తెఱమీద ఒక చోటును చూపుటకే దానిని కల్పించెను గాని వ్రాయుటకు కాదు.

ఈ వివాదము మౌసుతో మొదలైనదియు కాదు. 1890వ సంవత్సరపు అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ అను నతడు రంధ్రములు పొడిచిన కార్డులను లెక్కించు యంత్రమును కల్పించెను. ఆ కార్డులకు రంధ్రములు పొడుచుటకు గుమాస్తాలు ఒక పలకమీది గుంతలలో తగినదానిని వెదకి, దానిపై సూదిమొన నుంచి నొక్కవలెను. అపుడు వెనుకనున్న కార్డునకు రంధ్రము పడును. గుఱి చూచి నొక్కు ఈ పద్ధతి మౌసునకు పెద్దక్క వంటిది. తరువాత మీటలు గల పంచి యంత్రములు వచ్చెను. రాశులకొలది అంకెలు ఎక్కించవలసిన చోట్ల మీటలే నిలిచెను. దశాబ్దములపాటు ఆ యంత్రములయొద్ద కూర్చుండినవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలే.

ఇక లెక్కకు వత్తము. స్టూవర్టు కార్డు, థామస్ మొరాన్, అలెన్ న్యూవెల్ అను మువ్వురు పండితులు 1980లో కంప్యూటరు పనికి పట్టు కాలమును ముందుగానే గణించు పద్ధతిని ప్రకటించిరి. వారు చేతి కదలికలను ముక్కలుగా విడదీసి ఒక్కొక్కదానికి కాలము కట్టిరి. ఓ మోస్తరు నేర్పుగల టైపిస్టునకు ఒక మీట నొక్కుటకు 0.2 సెకను పట్టును. మౌసుతో తెఱమీద ఒక చోటును చేరుటకు సగటున 1.1 సెకను. చేయి కీబోర్డునుండి మౌసునకు పోవుటకు 0.4, మరలివచ్చుటకు 0.4. ఇప్పుడేమి చేయవలెనని మనస్సు తెమలించుకొనుటకు 1.35.

ఒక గడినుండి మఱొక గడికి పోవుటను ఈ లెక్కతో చూడుడు. మౌసుతో నైన, చేయి పోవుట 0.4, గుఱి 1.1, నొక్కుట 0.2, చేయి మరలుట 0.4, వెరసి 2.1 సెకనులు. ట్యాబు మీటతో నైన, ఒక్క నొక్కు, 0.2. తేడా 1.9 సెకను. ఇది ఒక రెప్పపాటు గదా యని నవ్వవచ్చును. కాని దరఖాస్తునకు 12 గడులున్న, నడుమ 11 గంతులు. అనగా దరఖాస్తునకు సుమారు 21 సెకనులు. 200 దరఖాస్తులకు ఒక గంటా పది నిమిషములు! ఇదివఱకు దరఖాస్తునకు 126 సెకనులు పట్టిన చేతికి ఇప్పుడు 147 పట్టును. ఏడు గంటలలో తేలునవి 171. మన సోదరి చెప్పిన సంఖ్యకు ఇది సరిపోవుచున్నది. ఆమె మందగించలేదు. ఆమె దినములో గంటకు పైగా కాలమును ఆ క్రొత్త తెఱ మ్రింగివేయుచున్నది, ఆ గంట కూలిని ఆమె చెల్లించుచున్నది.

దీనికి కారణము మన వంటయింటనే కలదు. పోపు వేయునపుడు ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు, ఎండుమిరప పోపులపెట్టెలో ఏ గిన్నె యెక్కడనున్నదో వ్రేళ్లకు తెలియును. కన్ను మూకుటిమీదనే యుండును. అట్లు గాక, ఒక్కొక్క దినుసునకు కొట్టుగదిలోనికి పోయి డబ్బామీది చీటీ చదివి తెచ్చుకొనవలసి వచ్చిన, పోపు మాడిపోవును. కీబోర్డు పోపులపెట్టె, మౌసు కొట్టుగది ప్రయాణము. నేర్చిన చేతికి కీబోర్డును చూడ నక్కఱలేదు. ఎఫ్, జె మీటలమీదను, కుడివైపు అంకెల పలకలో 5 మీటమీదను చిన్న గుఱుతు చేతికి తగులునట్లు పెట్టుట అందులకే. మౌసునకు కన్ను తప్పదు. కాగితమును చూచి నింపు పనిలో కన్ను కాగితముమీద నుండవలెను. మౌసు పట్టిన ప్రతిసారియు అది తెఱమీదికి ఎగిరి, మరల కాగితముమీద తాను విడిచిన పంక్తిని వెదకికొనవలెను. పంక్తి తప్పుట అక్కడనే జరుగును. ఒక వృద్ధురాలి ఖాతాసంఖ్య మఱొకరి పేరిట పడుటకు ఈ వెదుకులాటయే చాలును.

వ్యాసులవారు చెప్పుచుండగా భారతమును వ్రాయుటకొప్పుకొన్న వినాయకుడు, తన గంటము నడుమ ఆగరాదని నియమము పెట్టెనని మన పెద్దలు చెప్పుదురు. వ్రాయసగానికి ఆగుటకంటె క్లేశము వేఱు లేదని ఆ కథ కల్పించినవారెఱుగుదురు.

ఇట్లు చెప్పి మౌసును దూషించుట న్యాయము కాదు. రెండవ పక్షమును వినవలెను. ఆపిలు కంపెనీలో పనిచేసిన బ్రూస్ టాగ్నజీని అను నతడు 1989లో ఒక విచిత్రమును ప్రకటించెను. పరీక్షలకు వచ్చినవారు కీబోర్డే వేగమని చెప్పుచుండగా, గడియారము మౌసే వేగమని చూపెనట. ఏ మీట నొక్కవలెనో జ్ఞప్తికి తెచ్చుకొను క్షణములు మనస్సునకు కాలముగా తోచవు. మౌసును జరుపునపుడు మనస్సు ఖాళీగానుండుటచే ఆ కాలమంతయు బరువుగా తోచును. ఈ మాటలో సత్యము కలదు. కాని యతడు చెప్పినది ఎప్పుడో ఒకసారి వాడు ఆజ్ఞలను ఎన్నుకొనుటను గూర్చి. గడినుండి గడికి పోవుటలో జ్ఞప్తికి తెచ్చుకొనవలసినది లేదు. ఎన్ని గడులున్నను మీట ఒక్కటే. దినమునకు రెండువేలసార్లు నొక్కు మీటను మనస్సు వెదకదు, వ్రేలే పోవును.

కావున నిర్ణయము పనినిబట్టి యుండవలెను. క్రొత్తవారికిని, ఏటికొకసారి తెఱముందు కూర్చుండువారికిని మౌసే మేలు. చేయదగిన పనులన్నియు కన్నుల యెదుట నుండును, చూచి నొక్కిన చాలును. పటముమీద పొలమును గుర్తించుటకు, బొమ్మ గీయుటకు కీబోర్డు పనికిరాదు. ముగ్గు పెట్టు వ్రేళ్లకు పిండి కావలెను గాని కలము కాదు గదా. మా వారు ఉపాధ్యాయులు. 40 మంది పిల్లలకు ఆఱు విషయముల మార్కులు ఎక్కించునపుడు మౌసువలన వారికి కలుగు నష్టము సుమారు ఏడున్నర నిమిషములు. పరీక్షకొకసారి వచ్చు పని గావున అది వారికి విసుగు మాత్రమే. అదే నష్టము దినదినము కూలిపై బ్రతుకు పిల్లకు నెలకు ఇరువదిగంటలు దాటును. ఒకే తెఱ యిద్దఱికిని ఒకే తీరున న్యాయము చేయదు. అందువలన తెఱను కల్పించువారు రెండు దారులను తెఱచి యుంచవలెను.

మన పిల్లలు పలువురు నేర్చుకొను టాలీ యిందులకు మంచి దృష్టాంతము. 1986లో స్థాపితమైన బెంగుళూరు సంస్థవారిది అది. అందు చెల్లింపునకు ఎఫ్5, రాబడికి ఎఫ్6, అమ్మకమునకు ఎఫ్8, కొనుగోలునకు ఎఫ్9 అని మీటలు ఏర్పఱచిరి. ఎంటరు నొక్కిన తరువాతి గడి వచ్చును. నేర్చిన పిల్ల మౌసు ముట్టకయే పూటంతయు పద్దులు వ్రాయగలదు.

వివరములు నింపు తెఱ యెట్లుండవలెనో కొన్ని లక్షణములు చెప్పెదను. పనిచేయు సోదరీమణులు వీనిని తమ పైవారికి చూపవచ్చును.

మొదటిది, కాగితముమీద వివరములు ఏ వరుసలో నున్నవో తెఱమీదను అదే వరుసలో ట్యాబు మీట నడువవలెను. తెఱ తెఱవగానే మొదటి గడి సిద్ధముగా నుండవలెను. ఇప్పుడు చేయి యే గడిలో నున్నదో గాఢమైన గీత చూపవలెను.

రెండవది, తేదీని అంకెలతో వ్రాయనీయవలెను. పంచాంగపు బొమ్మ చూపి అందులో నొక్కుమనుట పెండ్లి ముహూర్తమునకు సరిపోవును గాని పుట్టినతేదీకి కాదు. నెలకొక్క నొక్కు చొప్పున ఎనుబదేండ్ల అవ్వ పుట్టిన నెలకు వెనుకకు పోవలెనన్న 960 నొక్కులు! ఎనిమిది అంకెలు వ్రాయుటకు రెండు సెకనులు చాలును.

మూడవది, జాబితానుండి ఎన్నుకొనవలసినచోట తొలి యక్షరములు కొట్టగానే పేరు దొరకవలెను. 2019 నాటికి తెలంగాణమున 33 జిల్లాలేర్పడెను. నల్లగొండను మౌసుతో జాబితానంతయు దొర్లించి వెదకుటకంటె, ఎన్, ఏ, ఎల్ అను మూడు మీటలు నొక్కుట సుఖము.

నాలుగవది, దరఖాస్తు సగములో నుండగా ఎంటరు మీట తగిలినంతమాత్రమున అది పోయి చేరరాదు. దాచుటకు వేఱు మీట యుండవలెను. తప్పు దొరలినపుడు వచ్చు హెచ్చరికను తొలగించుటకు సైతము మీట యుండవలెను. ఆధారు సంఖ్యలోని 12 అంకెలలో కడపటిది తనిఖీ అంకె. ముందరి అంకెలలో ఒకటి తప్పు పడిన అది సరిపోలదు. ఇట్టి తనిఖీని యంత్రము ఆ క్షణముననే చేసి చెప్పిన, కన్నులకు శ్రమ తగ్గును.

తెలుగున వ్రాయవలసిన చోట ఈ భేదము ఇంకను హెచ్చును. కొన్నిచోట్ల తెఱమీద అక్షరముల పలకను చూపి, మౌసుతో ఒక్కొక్క యక్షరము నొక్కుమందురు. వేంకటలక్ష్మి యను పేరునకు పండ్రెండు నొక్కులు. ఒక్కొక్కటికి గుఱియు నొక్కుడును కలిసి 1.3 సెకను చొప్పున పదునైదు సెకనులకు పైబడును. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు నేర్చిన చేతికి మూడు సెకనులైనను పట్టదు. ఈ పద్ధతి 1991లో వెలువడిన భారతీయ ప్రమాణమున చేరినది. దీని యమరిక వర్ణమాల నెఱిగినవారికి వెంటనే నచ్చును. అచ్చులును గుణింతపు గుఱుతులును ఎడమచేతివైపు, హల్లులు చాలవఱకు కుడిచేతివైపు నుండును. క, ఖ లకు ఒకటే మీట. గ, ఘ లకు ఒకటి. త, థ లకు ఒకటి. ఒత్తక్షరము కావలసిన షిఫ్టు పట్టవలెను. ఒకసారి నేర్చిన, ఇదే యమరిక కన్నడమునకును హిందీకిని పనికివచ్చును. ఓనమాలు దిద్దిన ఏ స్త్రీయైనను దినమునకు అఱగంట చొప్పున అభ్యసించి దీనిని వశము చేసికొనవచ్చును.

మఱొక ముఖ్యవిషయము. చూపులేని సోదరీమణులకు మౌసు పనికిరాదు. బాణపు గుఱుతును చూడలేనివారు దానిని నడుపుటెట్లు? వారు కీబోర్డుతో గడినుండి గడికి పోవుచుండగా, తెఱమీది వ్రాతను చదివి వినిపించు సాఫ్టువేరులు కలవు. అందు ఎన్‌వీడీఏ యనునది ఉచితముగా లభించును. వెబ్‌పుటలలోని పనులన్నియు కీబోర్డుతో చేయుటకు వీలుండవలెనని 2008 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు చెప్పుచున్నవి. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాచారసాధనములు అందఱికి అందుబాటులో నుండవలెనని విధించినది. ట్యాబు మీట నడువని తెఱ మన సోదరికి గంట కూలిని పోగొట్టిన, చూపులేని పిల్లకు కొలువునే పోగొట్టును.

ఇప్పుడు చేతులను గూర్చి. అంకెల పలకకు ఆవలనుండు మౌసును అందుకొనుటకు కుడిభుజము దినమంతయు ప్రక్కకు చాచియుండును. మౌసును వీలైనంత దగ్గఱకు జరుపుకొనుడు. మణికట్టును పైకి వంచక తిన్నగా నుంచుడు. అవకాశమున్న మౌసును కొన్నిదినములు ఎడమచేత అభ్యసింపుడు, అంకెలు కుడిచేతికి మిగులును. అఱగంటకొకసారి చేతులు విడిచి లేచి నడువుడు. కీబోర్డు సైతము దోషరహితము కాదు. ఎడతెగని కొట్టుడు వలన వ్రేళ్లు, మోచేతులు నొచ్చును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కుచు రాత్రులు మేల్కొల్పుచున్న, నూనెలు రాచుకొని ఊరకుండక వైద్యునకు చూపించుకొనుడు. గర్భిణీస్త్రీలకు ఈ తిమ్మిరి కొంత యెక్కువగా గనబడును.

తెఱను మార్పించు నధికారము మీకు లేకున్నను కొన్ని మీటలు మీ చేతిలోనే కలవు. ట్యాబు ముందునకును, షిఫ్టుతో ట్యాబు వెనుకకును పోవును. టిక్కు పెట్టవలసిన గడిలో స్పేసు మీట నొక్కవలెను. కలిసియున్న ఐచ్ఛికములలో బాణపు మీటలు ఒకదానినుండి మఱొకదానికి పోవును. ఆల్టు పట్టి క్రింది బాణము నొక్కిన పెక్కుచోట్ల జాబితా తెఱచుకొనును. చాలమంది ఇవి యున్నవని యెఱుగక మౌసునే పట్టుకొని వేలాడుదురు. అమెరికాలో 2005లో ప్రకటితమైన యొక పరిశీలనయందు, ఏండ్లతరబడి అనుభవము గలవారు సైతము తమంతట తాము మీటలకు మరలలేదని తేలినది. కావున నేర్చినవారు ప్రక్కనున్నవారికి నేర్పవలెను.

కడపటి మాట. పైవారియొద్దకు పోవునపుడు మొఱతో పోవక లెక్కతో పోవుడు. ఒక పూట గడియారము పెట్టుకొని, ఇరువది దరఖాస్తులు మౌసుతోను, అట్టివే యిరువది ట్యాబుతోను నింపుడు. ట్యాబు సాగని గడులను పేరుపేరున గుఱుతు పెట్టుడు. రెండింటను పట్టిన కాలమును, దొరలిన తప్పులను రెండు వరుసలలో వ్రాయుడు. వరుస తప్పిన ట్యాబును సరిచేయుట నేర్చినవానికి పెద్ద పని కాదు. అది సరియగువఱకు పాత రేటు మీద కూలి కట్టుట న్యాయము కాదని ఆ కాగితము చూపి చెప్పుడు. ఒక్కరుగా గాక, ఆ గదిలోని నలుగురును కలిసి చెప్పిన మాట చెల్లును. యజమానికి సైతము ఇందు లాభమే గాని నష్టము లేదు. పోయిన గంట ఆయనదియు గదా.

తల్లులారా, మీ యమ్మాయి సాయంకాలము ఇంటికి వచ్చి చేయి నొచ్చుచున్నదనిన, కూర్చుండి చేయు పనికి నొప్పియేమని యనకుడు. ఆ మణికట్టు ఆ దినమున ఎన్నివేలసార్లు పోయివచ్చినదో అడుగుడు.